పుప్పొడి, ఆకు శిలాజాల అధ్యయన బృందం: వార్షిక నివేదిక

సభ్యులందరికీ కార్యవర్గం తరఫున నమస్కారాలు.

ఈ ఏడాది మన పనంతా ఒక్క ప్రశ్న చుట్టూనే సాగింది. మట్టి పొరలో దొరికిన పుప్పొడిని లెక్కపెడితే ఆనాటి అడవి ఎలా ఉండేదో చెప్పేయవచ్చా? నేరుగా చెప్పలేం. మధ్యలో ఎన్నో సవరణలు చేసుకోవాలి. ఎక్కువ సమావేశాలు వాటికే కేటాయించాం, అది సరైన నిర్ణయమేనని కార్యవర్గం గట్టిగా నమ్ముతోంది.

కొత్త సభ్యుల కోసం మొదలు నుంచీ చెప్పుకొచ్చాం. పుప్పొడి రేణువు పైపొరలో స్పోరోపొలెనిన్ అనే పదార్థం ఉంటుంది. గాఢమైన ఆమ్లాలకు కూడా అది చాలావరకు తట్టుకుంటుంది. అందుకే ఆక్సిజన్ చొరని సరస్సుల అడుగున, చిత్తడి నేలల్లో రేణువులు లక్షల ఏళ్లు చెక్కుచెదరకుండా ఉంటాయి. 1916లో స్వీడన్ శాస్త్రవేత్త లెన్నార్ట్ వాన్ పోస్ట్ ఒక్కో పొరలో ఏ చెట్టు పుప్పొడి ఎంత శాతం ఉందో పటాలుగా గీసి చూపించాడు. ఈ విద్యకు అదే పునాది.

చిక్కంతా ఆ శాతాల్లోనే ఉంది. పైన్ చెట్టు పుప్పొడిని విపరీతంగా వెదజల్లుతుంది. రేణువుకు రెండు గాలి తిత్తులు ఉంటాయి కాబట్టి అది వందల కిలోమీటర్లు ఎగిరిపోగలదు. కీటకాల మీద ఆధారపడే మొక్కలు విడుదల చేసేది కొంచెమే, అది సరస్సు దాకా చేరడమూ అరుదే. కాబట్టి పుప్పొడిలో సగం పైన్ ఉన్నంత మాత్రాన అడవిలో సగం పైన్ ఉన్నట్టు కాదు. అసలు దగ్గరలో పైన్ చెట్టే లేకపోయి ఉండవచ్చు. గడ్డిజాతుల విషయంలో ఇంకో పరిమితి ఉంది. మామూలు సూక్ష్మదర్శినిలో వాటి రేణువులు దాదాపు ఒకేలా కనిపిస్తాయి కనుక కుటుంబం పేరు దగ్గరే ఆగిపోవాల్సి వస్తుంది.

సభ్యులు అన్నిటికంటే ఎక్కువగా చర్చించిన విషయం మరొకటి. మొత్తం ఎప్పుడూ నూరు శాతమే కాబట్టి, ఒక మొక్క పెరిగితే మిగతావి మారకపోయినా తగ్గినట్టు కనిపిస్తాయి. దీనికి విరుగుడుగా మట్టి నమూనాలో తెలిసిన సంఖ్యలో లైకోపోడియం అనే నాచును పోలిన చిన్న మొక్క బీజాంశాలు కలుపుతారు. లెక్కలో అవి ఎన్ని దొరికాయో చూసి, నమూనాలో అసలు రేణువులు ఎన్ని ఉన్నాయో కడతారు. ఇంత సులువైన ఉపాయంతో అంత పెద్ద చిక్కు విడిపోవడం మా అందరికీ ఎంతో నచ్చింది.

ఆకుల మీద కూడా కొన్ని సమావేశాలు జరిగాయి. వెచ్చని చోట్ల పెరిగే ద్విదళబీజ వృక్షాల్లో నునుపైన అంచు ఆకులున్న జాతులు ఎక్కువని, చల్లని చోట్ల రంపపు అంచువి ఎక్కువని వృక్షశాస్త్రవేత్తలు బెయిలీ, సిన్నాట్ 1915లోనే గుర్తించారు. ఆ నిష్పత్తిని బట్టి ఆనాటి ఉష్ణోగ్రతను అంచనా వేసేటప్పుడు లెక్కపెట్టాల్సింది జాతులను, ఆకులను కాదు. శిలాజాలుగా మిగిలేవి ఎక్కువగా వాగుల ఒడ్డున పెరిగిన చెట్ల ఆకులే. అక్కడ రంపపు అంచులు ఎక్కువ కాబట్టి లెక్క అసలు కంటే చల్లగా వచ్చే ప్రమాదం ఉంది. పత్రరంధ్రాల గురించి క్లుప్తంగానే చూశాం. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగేకొద్దీ చాలా జాతుల్లో వాటి సాంద్రత తగ్గుతుందని భద్రపరచిన పాత ఆకుల ఆధారంగా వృక్షశాస్త్రవేత్త వుడ్‌వర్డ్ 1987లో చూపించాడు.

పుప్పొడినీ ఆకునీ కలిపి చదవాలనేదే మన బృందం పట్టుదల. సుమారు 12,900 నుంచి 11,700 ఏళ్ల కిందటి చలి కాలానికి యంగర్ డ్రయాస్ అనే పేరు డ్రయాస్ ఆక్టోపెటాలా అనే చిన్న పొద నుంచి వచ్చింది. స్కాండినేవియా సరస్సుల బంకమట్టిలో దాని ఆకులు దొరికాయి. కీటకాల మీద ఆధారపడే ఈ మొక్క పుప్పొడిలో పెద్దగా కనిపించదు. పుప్పొడి ఎంతో దూరం నుంచి రావచ్చు, ఆకు మాత్రం సాధారణంగా దగ్గరలోనే రాలుతుంది. ఒకటి ప్రాంతమంతటి కథ చెబితే రెండోది ఆ గట్టు కథ చెబుతుంది.

పోలిక కోసం నేటి మొక్కల పుప్పొడి స్లైడ్ల సేకరణ మొదలైంది. ప్రతి స్లైడు మీద మొక్క పేరు, సేకరించిన చోటు, తేదీ తప్పనిసరి. రాళ్ల నుంచి పుప్పొడి తీయడానికి వాడే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ప్రాణాంతకం. ఆ పని బృందంలో ఎవరూ చేయరాదని, ప్రయోగశాలలో సిద్ధమైన స్లైడ్లనే చూడాలని తీర్మానించాం. దీనికి మినహాయింపులు లేవు.

జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా సమర్పిస్తారు.

వచ్చే ఏడాది గడ్డిజాతుల్లో ఏర్పడే సిలికా కణాలైన ఫైటోలిత్‌లను చేపట్టాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. పుప్పొడి కుటుంబం దగ్గరే ఆగిపోయే చోట, అవి గడ్డిలో ఉపకుటుంబాలను కూడా వేరుచేసి చూపగలవు. ఈ ప్రతిపాదనను, స్లైడ్ల బాధ్యతకు ఒక ఉపసంఘం ఏర్పాటును సభ్యుల ఆమోదానికి ఉంచుతున్నాం.

కార్యదర్శి