రావులపాలెం బాబాయ్ గారికి, ఆ పెళ్లి ఫైళ్లు బతికించిన అందరికీ

నేను తీసిన పెళ్లి వీడియో ఉన్న కార్డు పాడైపోయింది, అందులోంచి క్లిప్పులు తిరిగి వచ్చేశాయి. స్నాతకం నుంచి తలంబ్రాల దాకా, కెమెరా ఆగిపోయిన ఆఖరి కొద్ది సెకన్లు తప్ప అన్నీ ఉన్నాయి. ఇప్పుడే రెండో కాపీ కూడా అయింది, చెక్‌సమ్ (రెండు కాపీలు అచ్చం ఒకటేనా అని చూసే లెక్క) సరిపోయింది. కళ్లు మండిపోతున్నాయి, రాసింది మళ్లీ చదువుకునే ఓపిక లేదు. తప్పులుంటే సర్దుకోండి. ఈ మాట చెప్పకుండా మాత్రం పడుకోలేను.

రావులపాలెంలో టీవీలు, సీసీ కెమెరాల రికార్డర్లు (డీవీఆర్‌లు) బాగుచేసే ఒక బాబాయ్ గారున్నారు. పేరు, ఫోన్ నంబరు పెట్టొద్దని మరీ మరీ చెప్పారు, అందుకని పెట్టట్లేదు. ఆయనకి నేను ఎవరినీ కాను. మా ఊరూ కాదు, బంధువూ కాదు, ఆయన షాపులో ఎప్పుడూ ఒక్క కేబుల్ కూడా కొన్న మనిషిని కాదు. సగం దించిన షట్టర్ మళ్లీ ఎత్తి, కార్డు చేతిలోకి తీసుకుని, ముందు ఒక కాగితం కవరు మీద తేదీ వేసి "ఒరిజినల్ – ఏమీ రాయకూడదు" అని రాసుకున్నారు. ఆ తర్వాతే కూర్చోమన్నారు.

విషయం ఏంటంటే, 128 జీబీ ఎస్‌డీ కార్డు. 4కే, సెకనుకి 25 ఫ్రేములు, సెకనుకి 100 మెగాబిట్లు. ఆ లెక్కన గంటకి 45 జీబీ పడుతుంది. తలంబ్రాలు నడుస్తుండగా కార్డు ఎర్రర్ అని చూపించి కెమెరా బిగుసుకుపోయింది. ఆ కెమెరా బాడీకి ఉన్నదే ఒక కార్డు స్లాట్. కంప్యూటర్‌లో పెడితే "ఫార్మాట్ చేయమంటారా" అని అడుగుతోంది. చూపించిన ఒక సర్వీస్ సెంటర్ వాళ్లు కూడా అదే అన్నారు, ఫార్మాట్ చేసేయండి, పనిచేయకపోతే వారంటీలో కొత్త కార్డు వస్తుంది అని.

బాబాయ్ గారు చేసింది వరసగా రాస్తాను. ఫోటో, వీడియో పని మీద బతికేవాళ్లు మన కోనసీమలో, అటు పాలకొల్లు, భీమవరం వైపు చాలామంది ఉన్నారు. ఎవరికైనా అక్కరకొస్తుంది.

ముందు కార్డు పక్కనున్న చిన్న లాక్ మీట కిందికి జరిపారు. ఫార్మాట్‌కి సరే అనలేదు, విండోస్‌లో డిస్క్ చెక్ కూడా నడపలేదు. అది తప్పులు సరిచేస్తున్నాననుకుంటూ కార్డు మీదే రాసేస్తుందట, ఉన్న ఆనవాళ్లు కూడా పోతాయట. కార్డు మీద నేరుగా ఏ రికవరీ సాఫ్ట్‌వేరూ నడపలేదు. పెన్‌డ్రైవ్ నుంచి ఉబుంటు (విండోస్‌కి బదులు వాడే ఉచిత సిస్టమ్) బూట్ చేసి, డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో కార్డు మొత్తాన్ని సెక్టారు సెక్టారుగా ఒక ఇమేజ్ ఫైలుగా, అంటే ఉన్నదున్నట్టు కాపీగా తీశారు. ఆ ఫైలు పడే హార్డ్ డిస్క్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉండకూడదు, అందులో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. మొదటి విడతలో చదవడానికి వచ్చినదంతా తీసి మొండికేసిన చోట్లు వదిలేయమన్నారు, రెండో విడతలో ఆ వదిలేసిన చోట్లే మూడేసి సార్లు ప్రయత్నించమన్నారు. ఎక్కడెక్కడ చదివిందో రాసుకునే మ్యాప్ ఫైలు పక్కన పెట్టడం అన్నిటికన్నా ముఖ్యం. కార్డు వేడెక్కి రీడర్‌లోంచి మాయమైపోయేది. తీసి, చల్లారనిచ్చి, అదే మ్యాప్ ఫైలుతో మొదలెడితే ఆగిన చోటు నుంచే అందుకుంటుంది. బాగున్న కార్డయితే సెకనుకి 80 ఎంబీ చొప్పున అరగంటలోపు పని. ఇది రాత్రంతా పట్టింది. మధ్యమధ్యలో ఎంత శాతం వచ్చిందో ఆయనే చెబుతూ ఉన్నారు, నేను అడక్కుండానే.

ఇమేజ్ చేతికొచ్చాక ఒరిజినల్ కార్డు మళ్లీ కవర్లోకి వెళ్లిపోయింది. మిగతా పనంతా కాపీ మీదే. సరిగ్గా మూసుకున్న క్లిప్పులు కొన్ని పేర్లతో సహా దొరికాయి. డైరెక్టరీ (ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే జాబితా) పాడైన చోటివి ఫోటోరెక్ అనే ప్రోగ్రామ్‌తో తీశారు. అది ఫైలు మొదట్లో ఉండే గుర్తుని బట్టి పట్టుకుంటుంది కాబట్టి పేర్లు పోతాయి, వరస పోతుంది, ముక్కలుగా రాసి ఉన్న వీడియో అయితే తెగిపోయి వస్తుంది.

తెగిన ఫైళ్ల దగ్గరే అసలు కష్టం. ఎంపీ4 ఫైల్లో బొమ్మలూ శబ్దమూ ఒక పెద్ద పెట్టెలో ఉంటాయి, ఏ ఫ్రేము ఎక్కడుందో చెప్పే పట్టీ 'మూవ్' అని వేరే ఉంటుంది. కెమెరాలు చాలావరకు ఈ పట్టీని రికార్డింగ్ ఆపినప్పుడు చివర్లో రాస్తాయి. మధ్యలో ఆగిపోతే పట్టీ ఉండదు, సరుకంతా ఉన్నా ప్లేయర్ తెరవదు. "విషయసూచిక చిరిగిపోయిన పుస్తకం అమ్మా, పేజీలు ఎక్కడికీ పోలేదు" అన్నారు బాబాయ్ గారు. అన్‌ట్రంక్ అని ఉచితంగా దొరికే ప్రోగ్రామ్ ఉంది. అదే మోడల్ కెమెరాలో, అవే సెట్టింగుల్లో తీసిన మంచి క్లిప్ ఒకటి ఇస్తే, దాన్ని చూసి పట్టీని మళ్లీ కడుతుంది. రిజల్యూషన్, ఫ్రేము రేటు, కోడెక్ (వీడియో కుదించే పద్ధతి), ఆడియో రకం, ఏ ఒక్కటి మారినా చెత్త వస్తుంది. నా కెమెరా అప్పటికి సర్వీసులో ఉంది. ఆ క్లిప్ ఎక్కడి నుంచి వచ్చిందో కింద చెప్తాను.

శబ్దం విషయంలో ఇంకా తిప్పలు పడ్డారు. కుదింపు లేని పీసీఎం ఆడియోకి గుర్తుపట్టే ఆనవాళ్లు ఉండవు, అందుకని కొన్ని చోట్ల సన్నాయి కరకరలాడింది. విడిగా పెట్టిన ఆడియో రికార్డర్ కూడా కరెంటు పోయి జనరేటర్ ఎక్కే లోపల ఆగిపోయింది, దాని వేవ్ ఫైలు నిడివి సున్నా చూపిస్తోంది. నిడివి అంకె ఫైలు మొదట్లో ఉండే హెడ్డర్‌లో రాసేది రికార్డింగ్ ఆపినప్పుడు. అంకె తప్పయినా శబ్దం అక్కడే ఉంటుంది. ఆడాసిటీ అనే ఆడియో ప్రోగ్రామ్‌లో మామూలుగా తెరవకుండా రా డేటాగా దిగుమతి చేసి, 48,000 హెర్ట్జ్, 24 బిట్, స్టీరియో అని మనమే చెప్పాలి. మామూలు వేవ్‌కి మొదటి 44 బైట్లు వదలాలి, రికార్డర్‌ని బట్టి హెడ్డర్ పెద్దది కూడా ఉంటుంది. బుస్సుమని శబ్దం వస్తే బిట్ లెక్కో, బైట్ల లెక్కో తప్పినట్టు. ఒక్కో బైటు జరుపుతూ ఆయన ఎంతసేపు విన్నారో! మంత్రం స్పష్టంగా వినపడగానే హెడ్‌ఫోన్ నా చెవికి పెట్టారు.

ఇదంతా ఒక ఎత్తు. నేను తట్టుకోలేకపోయింది వేరే ఉంది. పెళ్లికూతురి నాన్నగారి నుంచి ఫోన్ల మీద ఫోన్లు వస్తుంటే చూసి, నా దగ్గర నంబరు తీసుకుని ఆయనే చేశారు. "ఆయ్, నేను రావులపాలెం నుంచి కార్డు చూస్తున్న మెకానిక్కునండి. ఇందులో అమ్మాయి తప్పేం లేదండి, కార్డే లోపల పాడైంది. ఎవరి చేతిలో ఉన్నా పోయేదే. ఆ పిల్ల నిద్ర లేకుండా ఇక్కడే కూర్చుందండి, మీరు కాస్త ఓపిక పట్టండి" అన్నారు. ఈ పనిలో ఉన్నవాళ్లకి తెలుసు, మనకి ఆఫీసు లేదు, బోర్డు లేదు. ఉన్నదల్లా పేరు. ఫలానా ఆమె పెళ్లి వీడియో పోగొట్టిందట అని ఒక ఊళ్లో అంటే చుట్టుపక్కల నాలుగు మండలాల్లో ఆ సీజను అయిపోయినట్టే. ముక్కూ మొహం తెలియని మనిషి నా పేరు కాపాడటానికి అలా మాట్లాడుతుంటే ఏడుపు ఆగలేదు. డబ్బులు తీసుకోలేదు. పోనీ ఇమేజ్ తీసిన కొత్త హార్డ్ డిస్క్ ఖరీదైనా తీసుకోమంటే, "డిస్కు నా దగ్గరే ఉంటుంది కదమ్మా, దానికి డబ్బులెందుకు?" అన్నారు.

ఇంత చెప్పాక ఒకటి అడగాలనిపిస్తోంది. వారంటీ అంటే ఖాళీ కార్డు ఇవ్వడమేనా? అందులో ఉన్న మన పనికి పూచీ ఎవరిది? ఫ్రీలాన్స్ మనిషికి ఎటు చూసినా ఇదే. బ్యాంకుకి వెళ్తే జీతం చీటీ అడుగుతారు. నాతో యానిమేషన్ చేయించుకున్న ఒక కంపెనీ టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) మాత్రం బిల్లు వేసిన రోజే లెక్క కట్టింది, మిగతా డబ్బు నెలలు గడిచినా రాలేదు. ఉద్యమ్‌లో (చిన్న సంస్థల ప్రభుత్వ పోర్టల్) ఉచితంగా నమోదైన చిన్న సంస్థకి, రాతపూర్వక ఒప్పందం ఉంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలని 2006 ఎంఎస్ఎంఈ చట్టంలోనే ఉంది. దాటితే బ్యాంకు రేటుకి మూడు రెట్లు చక్రవడ్డీ. చట్టం ఉంది, ఫిర్యాదుకి ప్రభుత్వ పోర్టల్ ఉంది, కానీ ఫిర్యాదు చేస్తే మళ్లీ పని ఇవ్వరేమోనన్న భయంతో ఎవరూ అటు వెళ్లరు. కట్ చేసిన టీడీఎస్ మీ పాన్ మీద పడిందో లేదో ఆదాయపు పన్ను పోర్టల్లో మీరే చూసుకోండి. వాళ్లు జమ చేయకపోతే అది అక్కడ కనపడదు.

యానిమేషన్ అంటే గుర్తొచ్చింది. బాబాయ్ గారు ఇదే సూత్రం దానికీ చెప్పారు, చివర్లో మూసుకునే ఫైలు ఏదైనా కరెంటుకి లోకువేనని. బ్లెండర్ అనే యానిమేషన్ ప్రోగ్రామ్‌లో నేరుగా ఎంపీ4గా రెండర్ పెట్టకండి, విడివిడి పీఎన్‌జీ బొమ్మలుగా, ఫ్రేము ఫ్రేముగా పెట్టండి. 30 సెకన్ల బొమ్మ, సెకనుకి 24 ఫ్రేములంటే 720 ఫ్రేములు, ఒక్కోటి 4 నిమిషాలైతే 48 గంటలు. 700వ ఫ్రేము దగ్గర మన కరెంటు పోతే పోయేది ఆ ఒక్క ఫ్రేమే. అందులోని సెట్టింగుల్లో ఓవర్‌రైట్ తీసేసి ప్లేస్‌హోల్డర్స్ పెట్టి ఉంటే, మధ్యలో తెగి ఖాళీగా పడి ఉన్న ఫ్రేముని చెరిపేసి మళ్లీ నడిపితే మిగిలినవే చేస్తుంది. స్క్రీన్ రికార్డింగులు కూడా ఎంపీ4కి బదులు ఎంకేవీ ఫైలుగా పెట్టుకోండి, ఆగిపోయినా అప్పటిదాకా వచ్చింది తెరుచుకుంటుంది. ఇక పెళ్లిళ్లకి రెండు స్లాట్లున్న బాడీ, రెండు కార్డుల్లోనూ ఒకేసారి రాసేలా. అద్దెకైనా సరే.

మా ఆయన, అత్తయ్య గారు పాపని చూసుకున్నారు. వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

అయ్యో, ఆ క్లిప్ సంగతి. తణుకులో అదే మోడల్ కెమెరా ఉన్న ఫోటోగ్రాఫర్ అన్న, మామూలుగా అదే పెళ్లిళ్లకి నాతో పోటీ పడి రేటు చెప్పే మనిషి, అడిగిన గంటలో అవే సెట్టింగులతో ఒక నిమిషం పైన షూట్ చేసి పంపారు. వాట్సాప్‌లో వీడియోగా పంపితే కుదించేస్తుందని గూగుల్ డ్రైవ్‌లో పెట్టారు. అన్నా, చాలా థాంక్స్.

పురోహితుల వారిని మర్చిపోయానంటే పాపం తగులుతుంది. పేర్లు పోయిన క్లిప్పుల్లో చేతులు, పసుపు, అక్షింతలే కనపడుతుంటే ఏది పుణ్యాహవచనమో ఏది గౌరీపూజో మాకెలా తెలుస్తుంది? మంత్రం విని వరస చెప్పారు, పక్క ఊళ్లో ఇంకో పెళ్లి చేయిస్తూ కూడా మధ్యలో ఫోనెత్తి.

లంకలో వరద నీళ్లు కాజ్‌వే మీదకి వస్తుంటే నన్ను ఇవతలికి దాటించిన పడవ ఆయనకి. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక ఇస్తారు కానీ, లంకల దారులకి అంతదాకా అక్కర్లేదు. కార్డున్న డబ్బా తడవకుండా తన టార్పాలిన్ ఇచ్చాడాయన. ఇంకా ఉబుంటు పెన్‌డ్రైవ్ ఇచ్చిన యానాం స్నేహితురాలికి, అర్ధరాత్రి టీ పోసిన బస్టాండ్ కొట్టు అన్నయ్యకి, అందరికీ థాంక్స్.

జనరేటర్ కుర్రాడు! రికార్డర్ ఆగిన టైము సరిగ్గా చెప్పింది అతనే, జనరేటర్ వేసిన నిమిషం నోటు పుస్తకంలో రాసుకున్నాడు. వీడియోకి ఆడియో కలపడానికి అదే పట్టు దొరికింది. పేరు అడగలేదు. ముమ్మిడివరం వైపు సప్లయర్స్ దగ్గర పనిచేస్తాడని విన్నాను, తెలిసినవాళ్లు నాకు మెసేజ్ చేయండి. వాళ్లింట్లో ఏ ఫంక్షన్ ఉన్నా ఫోటోలు నేనే తీస్తాను.