ఆ 50 వేలు ఇంకా పంపలేదు కదా?

ఒరేయ్ బావా,

నువ్వు రాత్రి పంపిన వాయిస్ మెసేజ్‌లు మూడూ ఇవాళ ఆఫీసుకి వెళ్తూ మెట్రోలో విన్నాను. నాన్నగారు ఆ ఎకరన్నర అమ్మేశారనీ, చేతికి 25 లక్షలు వచ్చాయనీ, బెంగళూరులో ఏదో ఒకటి కొనిపడేద్దామనీ అన్నావు. ఆ "ఏదో ఒకటి" దగ్గరే నాకు టెన్షన్ మొదలైంది. వంకాయలు కొనేటప్పుడు కూడా పుచ్చు ఉందేమోనని ఒక్కొక్కటీ తిప్పి చూస్తావు కదరా నువ్వు!

ఆ ఏజెంటు ఎవడో శనివారం సైట్ చూపించడానికి కారు పంపిస్తాడనీ, 50 వేలు టోకెన్ ఇస్తే ఇవాళ్టి రేటు మీదే ఆపుతాడనీ చెప్పావు కదా, ఆ 50 వేలు ఇంకా పంపలేదు కదా? పంపకుండా ఉంటే ఇది చదువు. పంపేసి ఉంటే ముందు నాకు ఫోన్ చెయ్యి, తర్వాత చదువు.

నా కథ నీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు, సిగ్గేసి. మూడేళ్ళ కిందట నేనూ అలాంటి కారే ఎక్కాను, మారతహళ్ళి దగ్గర. తీసుకెళ్ళినవాడు మన తెలుగువాడే, నెల్లూరు యాస, వర్తూరు దాటేలోపే నన్ను అన్నా అని పిలవడం మొదలుపెట్టాడు. అక్కడ గేటు మాత్రం కల్యాణమండపం లెవెల్లో కట్టారు, లోపల రోడ్డు లేదు. సున్నంతో గీతలు, పాతిన రాళ్ళు, ఒక్కో రాయి మీద ఎర్ర పెయింటుతో నంబరు, టెంటు కింద బిర్యానీ. "ఈస్ట్ ఫేసింగ్‌వి రెండే మిగిలాయన్నా, సాయంత్రానికి అవీ ఉండవు" అన్నాడు. మా ఆవిడ పక్కనుంచి కాలు తొక్కుతూనే ఉంది, నేను ఫోన్‌పే కొట్టేశాను.

ఆ రాత్రి వాళ్ళిచ్చిన జెరాక్సులు ముందేసుకుని కూర్చున్నాను. అన్నీ కన్నడలో. నీకు తెలుసుగా, కన్నడ అక్షరాలు మన వాటికి చెల్లెళ్ళ లాంటివి, తలకట్టు ఒక్కటి సర్దుకుంటే కూడబలుక్కుని చదివెయ్యొచ్చు. అలా చదువుతూ చదువుతూ హద్దుల దగ్గరికొచ్చాను. తూర్పున ఎవరిదో పొలం, దక్షిణాన దారి, పడమరకి "రాజకాలువె". ఆ మాటకి డిక్షనరీ అక్కర్లేదు కదా. ఇక్కడ ఒక చెరువు నిండితే ఆ నీళ్ళని కింది చెరువుకి మోసుకెళ్ళే కాలువలవి. 2015 మాస్టర్ ప్లాన్‌లో కాలువ స్థాయిని బట్టి 50, 25, 15 మీటర్లు కట్టకుండా వదలాలని రాశారు. 2022 సెప్టెంబరులో సర్జాపూర్ రోడ్డు వైపు విల్లాల్లో జనాన్ని ట్రాక్టర్ల మీద బయటికి తేవడం టీవీలో చూశావు కదా, అందులో అలాంటి కాలువలు మూసుకుపోవడం కూడా ఒక కారణమే. నాకు చూపించిన ఈస్ట్ ఫేసింగ్ రెండూ ఆ పడమర గట్టునే ఉన్నాయి!

పొద్దున్నే లాయర్ దగ్గరికి పరిగెత్తాను. ఆయన కాలువ సంగతి వినకుండానే "డీసీ కన్వర్షన్ ఆర్డర్ ఏదీ?" అన్నాడు. డీసీ అంటే మన కలెక్టరు లాంటివాడు, ఆయనిచ్చే ఆ ఆర్డరు లేదు. అంటే సాగుభూమిని ఇళ్ళ స్థలంగా మార్చకుండానే ముక్కలు చేసి అమ్ముతున్నారన్నమాట. ఇక్కడ దాన్ని రెవెన్యూ సైట్ అంటారు. నాలుగు నెలలు ఫోన్లు చేస్తే 30 వేలు వెనక్కొచ్చాయి. మిగతా 20 వేలు నా ట్యూషన్ ఫీజు అనుకున్నాను.

అందుకని నువ్వు స్థలమే కొను, ఫ్లాటే కొను, ముందు కాగితాలు అడుగు. మదర్ డీడ్ (అన్నిటికన్నా పాత అసలు పత్రం) దగ్గర్నించి ఇప్పటి ఓనరు దాకా గొలుసు తెగకుండా రావాలి. ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్ల చిట్టా) కర్ణాటక రిజిస్ట్రేషన్ వాళ్ళ కావేరి పోర్టల్‌లో నువ్వే తీసుకోవచ్చు, 30 ఏళ్ళది చూడు, పోర్టల్‌లో దొరకని పాత ఏళ్ళది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తియ్యి, వాళ్ళిచ్చిన కాపీ నమ్మకు. నగరం లోపలైతే ఇప్పుడు ఈ-ఖాతా (కార్పొరేషన్ రికార్డులో ఆస్తి ఎవరి పేరున ఉందో చూపే ఆన్‌లైన్ కాగితం) లేకుండా రిజిస్ట్రేషనే జరగదు. అందులో ఏ ఖాతానా, బి ఖాతానా అన్నది చూసుకో. బి ఖాతా అంటే పన్ను కట్టించుకుంటున్నారు తప్ప అన్నీ సక్రమంగా ఉన్నాయని కాదు, చాలా బ్యాంకులు లోను దగ్గర మొహం తిప్పుకుంటాయి. ఫ్లాటైతే ఓసీ (కట్టడం పూర్తయింది, కాపురం ఉండొచ్చని ఇచ్చే సర్టిఫికెట్) ఉందో లేదో కనుక్కో. ఇంకా కడుతూ ఉన్నదైతే రెరా (బిల్డర్ల మీద నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ) నంబరు కర్ణాటక రెరా వెబ్‌సైట్‌లో కొట్టి చూడు. రిజిస్టరైన అగ్రిమెంటు లేకుండా 10 శాతానికి మించి తీసుకునే హక్కు బిల్డరుకి లేదు. పైగా కట్టుబడిలో ఉన్నదానికి మామూలుగా 5 శాతం జీఎస్టీ, ఓసీ వచ్చినదానికి అది ఉండదు.

ఇప్పుడు డబ్బుల సంగతి. 25 లక్షలు చూసి కోటి రూపాయల ఫ్లాట్ల బ్రోచర్లు తిరగెయ్యకు. 60 లక్షల పాత డబుల్ బెడ్రూం అనుకుందాం. బ్యాంకు ఇచ్చేది మహా అయితే 80 శాతం, 48 లక్షలు. నీ చేతి నుంచి 12. స్టాంపు డ్యూటీ, సెస్సు అన్నీ కలిపి 5.6 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 2025 ఆగస్టు చివర్లో 2 శాతానికి పెంచారు, కాబట్టి ఇంకో నాలుగున్నర లక్షల పైచిలుకు, దీనికి లోను రాదు. బ్రోకరు, లాయరు, రంగులు, గీజరు కలుపుకుంటే 18కి తేలతావు. మిగతా ఏడు ముట్టుకోకు. 50 లక్షలు, ఆపైన కొంటే 1 శాతం టీడీఎస్ (అమ్మేవాడి తరఫున ముందే కట్టే ఆదాయపు పన్ను) పట్టుకుని కట్టాల్సింది కొనేవాడే, అమ్మేవాడు కాదు. ఇది నాకూ చివరి రోజున తెలిసింది.

అసలు చేదు మాట ఇప్పుడు చెప్తాను. ఎనిమిదిన్నర శాతం వడ్డీకి 20 ఏళ్ళయితే ఈఎంఐ 41,600 చిల్లర. అద్దె ఓ 20 వేలు అనుకో, అందులోనే మెయింటెనెన్సు, ఇంటి పన్ను. అద్దెతో ఈఎంఐ గడిచిపోతుందని ఎవడో నీ చెవిలో ఊదాడు చూడు, వాణ్ణి ఈ లెక్క కాగితం మీద వేసి చూపించమను. ప్రతి నెలా జీతంలోంచి కనీసం 22, 23 వేలు వేస్తూ ఉండాలి, అదీ ఇల్లు ఖాళీగా లేని నెలల్లో. రేటు పెరుగుతుందన్న ఆశతో అంత కాలం మోయగలవా అన్నది నువ్వూ చెల్లాయీ కూర్చుని మాట్లాడుకోండి. నువ్వేమో ఒంగోలులో, ఇల్లేమో ఇక్కడ. మోటారు కాలిందనీ, ట్యాంకరు రాలేదనీ అద్దెకున్నవాళ్ళు ఫోన్ చేసేది నీకు, వెళ్ళేది నేను. 2024 ఎండాకాలంలో మా అపార్ట్‌మెంట్‌లో ట్యాంకరు కోసం జరిగిన గొడవలు నీకు చెప్పాను కదా.

నన్నడిగితే మెట్రోకి నడిచి వెళ్ళేంత దూరంలో, ఓసీ ఉన్న పాత ఫ్లాటు చూద్దాం. తెల్లవారుజామున తలుపు తట్టినా అద్దెకు మనుషులు దొరికే చోటు కావాలి మనకి, స్విమ్మింగ్ పూల్ కాదు. అది దొరికేలోపు చెయ్యి దురదగా ఉంటే రీట్ (అద్దెలొచ్చే పెద్ద భవనాల్లో చిన్న వాటాలు అమ్మే ట్రస్టు) యూనిట్లు నాలుగు కొని చూడు. మన దేశంలో మొదటిది 2019లో లిస్టయింది, ఈ ఊళ్ళో ఆఫీసు పార్కులున్న ఎంబసీ వాళ్ళది. షేరులాగే ఒక్క యూనిట్ కూడా కొనొచ్చు, అద్దెల్లో వాటా మూడు నెలలకోసారి అకౌంట్లో పడుతుంది. యూనిట్ ధర మాత్రం షేరులాగే ఎక్కుతుంది, దిగుతుంది.

శుక్రవారం రాత్రి బస్సెక్కు. కుందలహళ్ళి గేటు దగ్గర దిగితే నేనే వచ్చి తీసుకెళ్తాను, అత్తయ్య చేతి గోంగూర పచ్చడి మర్చిపోయావో మళ్ళీ అదే బస్సెక్కిస్తాను. ఆ కారు పంపించేవాడికి మాత్రం ఇవాళే ఫోన్ చేసి మదర్ డీడ్ జెరాక్సు, కన్వర్షన్ ఆర్డరు వాట్సాప్‌లో పెట్టమను. ఏమన్నాడో రాత్రికి చెప్పు.