అణు వ్యర్థాలకు ఖనిజాలే ఆదర్శం

సంపాదకులకు నమస్కారం.

అణు వ్యర్థాలను గాజులో కలిపి పోతపోస్తే చాలునన్న ధీమా నాకు లేదు. వాటిలోని ప్లుటోనియం-239 అర్ధాయుష్షే, అంటే అది క్షీణించి సగానికి తగ్గేందుకు పట్టే కాలమే, 24,000 ఏళ్లు దాటుతుంది గనుక, మనం తయారుచేసిన ఏ పదార్థాన్నీ అంతకాలం పరీక్షించి చూడలేము. ఆ పరీక్షను ప్రకృతి ఎప్పుడో జరిపింది. ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్‌లో దొరికిన అతిపురాతన జిర్కాన్ ఖనిజ రేణువు, తనలోని యురేనియంను, అది క్షీణించగా పుట్టిన సీసాన్ని దాదాపు 440 కోట్ల ఏళ్లుగా పట్టి ఉంచింది. అయితే యురేనియం ఎక్కువగా ఉన్న జిర్కాన్‌లో ఆల్ఫా క్షయం (పరమాణు కేంద్రకం ఆల్ఫా కణాన్ని వెలువరించి క్షీణించడం) తాకిడికి స్ఫటిక నిర్మాణం క్రమంగా చెదిరిపోతుంది. మోనజైట్ అనే మరో ఖనిజం మాత్రం రేడియోధార్మిక థోరియంను దండిగా మోస్తూ కూడా ఆ దెబ్బలను తానే మాన్పుకుని స్ఫటికంగానే నిలుస్తుంది. ఏ వ్యర్థానికి ఏ ఖనిజం తగునో తేల్చేది ఈ తేడాయే. భూరసాయన శాస్త్రవేత్త రింగ్‌వుడ్ 1978లో ప్రతిపాదించిన సిన్‌రాక్ అనే కృత్రిమ శిల ఈ ఆలోచన నుంచి పుట్టినదే. కనీసం దీర్ఘాయువు గల యాక్టినైడ్లకైనా (ప్లుటోనియం వంటి భారీ రేడియోధార్మిక మూలకాలకైనా) ఇటువంటి స్ఫటికాలను వాడే విషయాన్ని అణు సంస్థలు గట్టిగా పరిశీలించాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు