మాయ దగ్గర ఏం జరుగుతుందో కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

గర్భిణుల బీపీ గురించి హెల్త్ పేజీల్లో ఎప్పుడు చూసినా ఉప్పు తగ్గించండి, టెన్షన్ పడకండి అనే దగ్గరే ఆగిపోతున్నారు, దాంతో ప్రీఎక్లాంప్సియా (కడుపుతో ఉన్నప్పుడు బీపీ పెరిగి ఒంట్లో అవయవాలు దెబ్బతినే జబ్బు) వచ్చిన ఆవిడ తను ఏదో తప్పు చేశాననుకుని కుమిలిపోతుంది. నాకు ఇది చాలా బాధగా ఉంటుందండి. ఆ జబ్బు చాలామందిలో మొదలయ్యేది మాయ (ప్లాసెంటా) అతుక్కున్న చోట, రక్తనాళాల గోడల్లో, అది కూడా బీపీ పెరగడానికి ఎన్నో వారాల ముందు.

గర్భసంచిలో స్పైరల్ ఆర్టరీలని మెలికలు తిరిగిన సన్న రక్తనాళాలు ఉంటాయి. వాటి గోడల్లో ఉండే స్మూత్ మజిల్ అనే కండర కణాలు బిగుసుకుంటే నాళం సన్నబడుతుంది, నెలసరిలో రక్తం ఆగడానికి ఆ బిగుతు కావాలి కూడా. కానీ కడుపు పండాక అదే బిగుతు బిడ్డకి అడ్డం. అందుకే ముందు తల్లి ఇమ్యూన్ కణాలు, అంటే గర్భసంచిలోని ఎన్‌కే కణాలు, మాక్రోఫేజ్‌లు వచ్చి ఆ కండర కణాల వరసని వదులు చేస్తాయి, తర్వాత మాయ వైపు నుంచి ట్రోఫోబ్లాస్ట్ అనే బిడ్డ తరపు కణాలు గోడలోకి దిగుతాయి, వాటి సిగ్నల్స్‌కి కొన్ని కండర కణాలు చనిపోతాయి, కొన్ని బిగుసుకునే గుణం వదిలేసి పక్కకి జరిగిపోతాయి. ఆ ఖాళీలో ఫైబ్రినాయిడ్ అనే ప్రొటీన్ పదార్థం చేరుతుంది. నాళం మూతి బాగా వెడల్పై, రక్తం దూకుడు తగ్గి నెమ్మదిగా మాయలోకి వస్తుంది. తల్లీ బిడ్డల కణాలు ఇలా కలిసి ఒక గోడని మార్చేయడం నాకైతే ఎన్నిసార్లు చదివినా ఆశ్చర్యమే.

ఈ మార్పు గర్భసంచి కండరంలో లోపలి మూడో వంతు దాకా పోవాలి, సుమారు 20 వారాలకి చాలావరకు అయిపోవాలి. పైపైనే ఆగిపోతే కండరం అలాగే ఉండిపోయి, రక్తం సరిగ్గా అందక మాయ దెబ్బతింటుంది, అది వదిలే పదార్థాలతో తల్లి రక్తనాళాలు పాడై బీపీ పెరుగుతుంది, బిడ్డ ఎదుగుదల కూడా తగ్గొచ్చు. బ్రోసెన్స్, రాబర్ట్‌సన్, డిక్సన్ అనే పరిశోధకులు 1967లో, 1972లో రాసిన పేపర్లతోనే ఈ విషయం బయటికొచ్చింది, ఇన్నేళ్ళయినా మన పేజీల్లోకి రాలేదు.

బిడ్డ వైపు నాళాల్లో మాత్రం ఈ కండరం ఉంటుంది, ఉండాలి కూడా. మాయలో నరాలు (నెర్వ్స్) లేవు కదా, అందుకే ఆక్సిజన్ తగ్గిన చోట ఈ కణాలే బిగుసుకుని రక్తాన్ని బాగున్న వైపు మళ్ళిస్తాయి, పక్కనున్న ఎండోథీలియం (నాళం లోపలి పొర) వదిలే నైట్రిక్ ఆక్సైడ్‌తో మళ్ళీ సడలుతాయి.

ఇదంతా బొమ్మేసి ఒక అర పేజీ వేయండి. ఇంతకు ముందు కాన్పులో ఈ సమస్య వచ్చినవాళ్ళకి డాక్టర్లు తక్కువ డోసు ఆస్పిరిన్‌ని 12 వారాల తర్వాత, వీలైతే 16 లోపే ఎందుకు మొదలుపెడతారో అందులో చెప్పండి, సొంతంగా వేసుకోకూడదని కూడా పెద్దక్షరాల్లో వేయండి, ఎందుకంటే చాలామంది అయిదో నెల దాటాక గానీ ఈ మాట అడగట్లేదు.

ఇట్లు,
మీ పాఠకురాలు