పండ్ల జెల్లీలో జెలాటిన్, చైనా గ్రాస్ ఒకటి కావు

సంపాదకులకు,

నమస్కారం. క్రిస్మస్ విందు కోసమని గత ఆదివారం మీ అనుబంధంలో ఇచ్చిన పండ్ల జెల్లీ తయారీ విధానంలో రెండు పొరపాట్లు దొర్లాయి. జెల్లీ గట్టిపడేందుకు జెలాటిన్ గానీ చైనా గ్రాస్ గానీ ఏదైనా ఒకటి తీసుకుని బాగా మరిగించాలని అందులో రాశారు. ఆ తర్వాత తాజా పైనాపిల్ ముక్కలు కలిపి ఫ్రిజ్‌లో పెట్టమన్నారు. జెలాటిన్ కొని తెచ్చుకున్నవారు ఈ రెండు సూచనలనూ తు.చ. తప్పకుండా పాటిస్తే పండుగ పూట గిన్నెలో పండ్ల ముక్కలు తేలే తీపి నీళ్లే మిగులుతాయి. పండుగకు ఇంకా సమయం ఉంది కనుక సవరణ వేయగలరనే ఆశతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

గుంటూరులో మా ఇంట మూడు తరాలుగా క్రిస్మస్ భోజనం పండ్ల జెల్లీతోనే ముగుస్తోంది. మిషన్ ఆస్పత్రిలో నర్సుగా పనిచేసిన మా నాయనమ్మ దీన్ని అక్కడే నేర్చుకున్నారు. ఆమె నుంచి మా అమ్మకు, అమ్మ నుంచి నాకు వచ్చింది. పులావు, మాంసం కూర తిన్నాక చల్లగా, పుల్లతీపిగా నోట్లో కరిగే ఆ ముక్క కోసం పిల్లలే కాదు, షుగరు ఉన్న పెద్దవాళ్లు కూడా ఎదురుచూస్తారు. అందుకే ఈ వంటకం గురించి తప్పుగా రాస్తే మనసు ఊరుకోదు.

జెలాటిన్ జంతువుల ఎముకల నుంచి, చర్మం నుంచి తీసే ప్రొటీన్. దాన్ని చల్లటి నీటిలో నానబెట్టి, వేడి నీటిలో కరగనిస్తే చాలు. తెర్లకాచితే గట్టిపడే గుణం తగ్గిపోతుంది. చైనా గ్రాస్ సముద్రపు ఎర్ర నాచు నుంచి వచ్చే పిండిపదార్థం. మరిగించనిదే అది కరగదు. కరిగాక మాత్రం 35, 40 డిగ్రీలకు చల్లారేసరికి, అంటే గది వేడిమిలోనే, గట్టిపడుతుంది. మళ్లీ కరగాలంటే 85 డిగ్రీల వరకు వేడెక్కాలి. జెలాటిన్ జెల్లీ 30 డిగ్రీలు దాటగానే జారిపోవడం మొదలుపెడుతుంది. మా ఊళ్లో డిసెంబరు మధ్యాహ్నం కూడా ఆ దరిదాపుల్లోనే ఉంటుంది కాబట్టి, ఫ్రిజ్‌లో నుంచి తీసిన జెలాటిన్ జెల్లీ చుట్టాలందరికీ వడ్డన పూర్తయ్యేదాకా నిలబడదు.

ఈ తేడా వంటింటికే పరిమితం కాదు. 1881లో బెర్లిన్‌లో సూక్ష్మజీవుల శాస్త్రవేత్త రాబర్ట్ కోక్ ప్రయోగశాలలో సూక్ష్మజీవులను జెలాటిన్ మీద పెంచుతుంటే, వేసవి వేడికి అది కరిగిపోయేది. కొన్ని సూక్ష్మజీవులైతే దాన్ని తామే కరిగించేవి. అక్కడ పనిచేస్తున్న వాల్టర్ హెస్సేకు ఆయన భార్య ఫానీ హెస్సే, తాను జెల్లీలలో వాడే అగర్‌ను ప్రయత్నించి చూడమని సూచించారు. మనం చైనా గ్రాస్ అని కొనేది ఆ అగర్‌నే. నేటికీ ప్రయోగశాలల్లో సూక్ష్మజీవులను పెంచడానికి దాన్నే వాడుతున్నారు. ఆ సలహా ఇచ్చిన ఇల్లాలి పేరు పాఠ్యపుస్తకాల్లో అరుదుగా కనిపించడం నాకు ఎప్పుడూ బాధ కలిగించే విషయం.

ఇక పైనాపిల్ సంగతి. తాజా పైనాపిల్‌లో ప్రొటీన్లను విడగొట్టే ఎంజైమ్ ఉంటుంది. మాంసం మెత్తబడాలని మనం పచ్చి బొప్పాయి ముక్క వేసేది అలాంటి గుణం కోసమే. జెలాటిన్ కూడా ప్రొటీనే కనుక, అందులో తాజా పైనాపిల్, బొప్పాయి, కివీ, అల్లం వంటివి పడితే రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచినా గట్టిపడదు. అమెరికాలో అమ్మే జెల్లీ పొడి డబ్బాల మీద ఈ హెచ్చరిక అచ్చయి ఉంటుంది. డబ్బాలో నిల్వ చేసిన పైనాపిల్‌నైతే ముందే వేడి చేసి ఉంటారు కాబట్టి ఇబ్బంది లేదు; ఇంట్లో తాజా ముక్కలను పంచదార నీటిలో కాసేపు ఉడికించినా సరిపోతుంది. చైనా గ్రాస్ ప్రొటీన్ కాదు కనుక దానికి ఈ బెడద అసలే లేదు.

మా ఇంటి పద్ధతిని కూడా పాఠకుల కోసం రాస్తున్నాను. 10 గ్రాముల చైనా గ్రాస్ పోగులను తుంచి, అర లీటరు నీటిలో అరగంట నానబెట్టి, అదే నీటితో సన్నటి సెగ మీద పెట్టి మరిగిస్తూ కలుపుతూ ఉండాలి. గరిటె ఎత్తి వెలుతురులో చూస్తే ఒక్క పోగు కూడా కనిపించకూడదు. అప్పుడు 150 గ్రాముల పంచదార వేసి, కరిగాక దించి, పల్చటి నూలుగుడ్డలో వడకట్టాలి. పావు లీటరు కమలా రసాన్ని పొయ్యి మీద నుంచి దించిన తర్వాతే పోయాలి, ఎందుకంటే పులుపుతో కలిపి మరిగిస్తే చైనా గ్రాస్ పట్టు సడలుతుంది. ఆ రసం ఫ్రిజ్‌లో నుంచి అప్పుడే తీసిందైతే మిశ్రమం ఎక్కడికక్కడ ఉండలు కడుతుంది. ఒక చుక్కను స్టీలు పళ్లెం మీద వేసి చూడండి. చల్లారగానే వేలితో నెట్టితే ముడత పడాలి. పడకపోతే గట్టిపడదని అర్థం.

సగం మిశ్రమాన్ని తడిపిన గిన్నెలో పోసి, పైన పల్చటి పొర కట్టి ఇంకా వణుకుతూ ఉన్నప్పుడే దానిమ్మ గింజలు, గింజలు తీసిన నల్ల ద్రాక్ష, తొక్క ఒలిచిన కమలా తొనలు, పైనాపిల్ ముక్కలు పేర్చి, తక్కిన సగాన్ని గోరువెచ్చగా పోయాలి. అడుగు పొర పూర్తిగా బిగుసుకున్నాక పోస్తే, బోర్లించినప్పుడు రెండు పొరలూ విడిపోతాయి. అరటిపండు నల్లబడుతుంది, పుచ్చకాయ నీరు వదులుతుంది, కాబట్టి మేం వాటిని వేయం. చైనా గ్రాస్ జెల్లీ కూడా రెండో రోజుకు నీరు ఊరుతుంది. ముందురోజు రాత్రి చేసుకుని పండుగనాడే తినడం మంచిది.

అన్నిటికంటే ముఖ్యమని నేను భావించేది మరొకటి ఉంది. క్రిస్మస్ నాడు మేం ఇరుగుపొరుగుకు అరిసెలు, కేకు, జెల్లీ పంచుతాం. వారిలో మాంసం ముట్టనివారు ఉన్నారు. జెలాటిన్ ఏ జంతువు నుంచి వచ్చిందో తెలియక ఇబ్బంది పడే ముస్లిం కుటుంబాలూ ఉన్నాయి. ప్యాకెట్ మీద శాకాహారమో మాంసాహారమో తెలిపే గుర్తు తప్పనిసరి కనుక కొనేవారు చూసుకోగలరు, కానీ ఇంట్లో చేసి పంపిన గిన్నె మీద ఏ గుర్తూ ఉండదు. మనల్ని నమ్మి తినేవారికి ఏం పెడుతున్నామో మనకు ముందు స్పష్టంగా తెలియాలి. ఆ స్పష్టత పత్రికలో వచ్చే వంటల శీర్షికలోనూ ఉండాలని కోరుకోవడం అత్యాశ కాదనుకుంటాను.

కనుక వచ్చే ఆదివారం సంచికలో ఈ సవరణ ప్రచురించవలసిందిగా మనవి: జెలాటిన్ మాంసాహారమని, దాన్ని మరిగించరాదని, చైనా గ్రాస్ శాకాహారమని, దాన్ని మరిగించి తీరాలని, జెలాటిన్ వాడేవారు పైనాపిల్‌ను ఉడికించి మాత్రమే వేయాలని.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
గుంటూరు