ఇంజను ఆలస్యమైంది, పలక మాత్రం కోయలేదు

దిండి రేవులో మా స్పీడుబోటు ఎందుకు కట్టేసి ఉందని ఏటా వచ్చేవాళ్ళు అడుగుతున్నారు. కార్తీకమాసమంతా పోయింది. "సర్వీసుకిచ్చామండి" అని కొందరికి చెప్పాను. అది సగం నిజమే. మిగతా సగం కూడా చెప్పేస్తాను.

దసరా సెలవుల్లో ఒక కుటుంబాన్ని తిప్పుతుండగా గోదారి వశిష్ఠ పాయ నడిమధ్యలో ఇంజను పట్టేసింది. నీళ్ళు పీల్చే కన్నాలకి గుర్రపుడెక్క వేర్లు చుట్టుకున్నాయి. పంపులో రబ్బరు చక్రం అప్పటికే అరిగి ఉంది. చల్లార్చే నీరందక పిస్టన్ సిలిండర్‌కి కరుచుకుపోయింది. ఇంజను పక్కనుంచి కారే సన్నటి ధార ఆగిపోతే వెంటనే ఆపెయ్యాలి. ఆ టైములో నేను వాళ్ళకి ఫోటోలు తీస్తున్నాను. తప్పు నాదే. చేపలవాళ్ళ పడవ తాడేసి మమ్మల్ని లాక్కొచ్చింది. మా నాన్న సరంగుగా చేసినన్నాళ్ళూ ఒకరి తాడు పట్టుకుని రేవుకి చేరలేదు.

పాతది 40 హార్స్ పవర్ టూ స్ట్రోక్. మళ్ళీ అదే తెస్తే ఊళ్ళో మెకానిక్కే విప్పి బిగిస్తాడు, బరువూ తక్కువే. కాకపోతే పెట్రోల్లో ఆయిల్ కలిపి తాగుతుంది, వెనక సీట్లో పిల్లలకి పొగంతా మొహానే. ఫోర్ స్ట్రోక్‌కి పొగ లేదు, గోల లేదు, పెట్రోలు తక్కువ తాగుతుంది. బరువు మాత్రం పాతికో ముప్పయ్యో కిలోలు ఎక్కువ, ఏదైనా పాడైతే కంపెనీ మనిషి కంప్యూటర్ పట్టుకుని రావాలి. పన్నెండు రాత్రులు ఇదే లెక్క. మా ఆవిడ చివరికి "ఏదో ఒకటి కొనండి, నిద్రపోనివ్వండి" అంది.

స్నేహితులైతే సెకండ్ హ్యాండ్‌లో 60 దొరుకుతోంది, వేగం అదిరిపోతుంది, తెమ్మన్నారు. మా బోటు మీద రాసిన ఇంజను హద్దు 40 హార్స్ పవర్. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర టూరిస్టు బోటు మునిగి ఏం జరిగిందో ఈ గోదారి మీద బతికేవాడెవడూ మర్చిపోడు. ఆ మాట అక్కడితో ఆపేశాను.

ఫోర్ స్ట్రోకే ఖాయం చేసి డీలరుకి అడ్వాన్సు కట్టాను. ఇక్కడ మొదలైంది అసలు కథ. బోటు వెనక ఇంజను తగిలించే పలక పైఅంచు నుంచి అడుగుదాకా నేనే రెండుసార్లు టేపు పెట్టి కొలిచి, 20 అంగుళాల షాఫ్ట్ (ఇంజను నుంచి నీళ్ళలోకి దిగే కాడ) కావాలని కాగితం మీద రాసిచ్చాను. వారంలో పంపుతామన్నవాళ్ళు పాతిక రోజులకి పంపారు. పెట్టె విప్పితే 15 అంగుళాలది! అది తగిలిస్తే బోటుని తోసే ఫ్యాను నీళ్ళలోకి సరిగ్గా దిగదు, గాలి మింగుతుంది. ఇంజను అరుస్తుంది, బోటు కదలదు. ఫోన్ చేస్తే ఆ డీలరు "పలక అయిదంగుళాలు కోసేయండి, అడ్జస్టవుతుంది" అన్నాడు. పోటు వేళ వెనకనుంచి అల వస్తే ఆపేది ఆ పలకే. కోయనన్నాను. "మీరు కొలత తప్పు చెప్పారేమో" అన్నాడు. అది మాత్రం గుచ్చుకుంది. ఆయన సంతకమున్న కాగితం ఫోటో తీసి ఆయనకే పంపాను. జవాబు లేదు. మార్చి ఇవ్వడానికి ఇంకో నెల. అందరూ మొండివాణ్ణన్నారు. అననివ్వండి.

సరైనది మొన్న వచ్చింది, బిగించాం. మొదటి పది గంటలు కొత్త ఇంజన్ని మెల్లగా నడిపి అలవాటు చెయ్యాలి, అప్పటిదాకా ఎవరినీ ఎక్కించను. సంక్రాంతికి మాత్రం తిరుగుతుంది. రేటు పండగ దాకా పాతదే. రబ్బరు చక్రం ఏటా ఉగాదికి మారుస్తాను, మార్చిన తేదీ బోటు లోపల రాసి ఉంటుంది, అడిగి చూడండి. ఎండాకాలం ధవళేశ్వరం నుంచి నీరు తగ్గితే మా పాయ ఉప్పెక్కుతుంది కాబట్టి రోజూ సాయంత్రం మంచినీళ్ళతో ఇంజను కడుగుతాం. అడ్వాన్సులిచ్చిన వాళ్ళకి డబ్బు తిరిగి పంపేశాను. అందనివాళ్ళుంటే ఒక్క ఫోన్ కొట్టండి.

ఇంకొకటి. వెనక బరువు పెరిగింది కదా, బ్యాటరీ, ట్యాంకు ముందుకి జరిపినా చాల్లేదు. వెనక మూల సీటు తీసేశాను. ఇకనుంచి ఎనిమిది మంది కాదు, ఏడుగురే. ఆ సీటు కోసం కొట్టుకునే పిల్లలకి ఇంటి దగ్గరే చెప్పి తీసుకురండి, రేవులో ఏడిస్తే నేనేం చెయ్యలేను.