మూడు అర్జీల తర్వాతే రోడ్డెక్కారు: మంత్రిగారికి బహిరంగ లేఖ

అయ్యా మంత్రిగారూ, నమస్కారం.

2020 లాక్‌డౌన్‌లో పెట్టిన కేసులు వెనక్కి తీసుకునే దారి మీ దగ్గరుందని ఒక వకీలుగారు చెప్తే మీకు రాస్తున్నాను. నాది బరంపురంలో చిన్న జెరాక్స్ షాపు. జెరాక్స్ అన్నది బోర్డు మీదే, కూడు పెట్టేది మాత్రం అర్జీలు. పెన్షన్ ఆగినా, రేషన్ కార్డులో పేరు తప్పు పడినా, కరెంటు బిల్లు మోత మోగినా మా వీధిలోళ్ళు నా దగ్గరికే వస్తారు, ఒడియాలో చేత్తో రాస్తే ఇరవై, టైప్ కొడితే నలభై. మరి ఇది తెలుగులో ఎందుకు రాస్తున్నావురా అంటారేమో, ఒడియాలో రాసినవాటికి జవాబు రాలేదండీ, ఇదైనా నలుగురూ చదివితే మీ చుట్టూ ఉన్నవాళ్ళలో తెలుగు తెలిసినాయన ఎవరో ఒకరు మీకు చెప్పకపోతారా అని.

విషయం ఏటంటే, మా వీధి కుర్రాళ్ళు ముగ్గురితో సహా పదకొండు మంది మీద అప్పట్లో కేసు పెట్టారు. ఐపీసీ 188, 269, అంటే సర్కారు ఆర్డరు మీరారని, అజాగ్రత్తగా రోగం అంటించే పని చేశారని. లాక్‌డౌన్‌లో గుంపుగా రోడ్డు మీద కూర్చున్నారని. ఐదేళ్ళు దాటింది, ఐపీసీ పోయి దాని చోట కొత్త నేరాల చట్టం బీఎన్‌ఎస్ వచ్చి 188 కాస్తా 223 అయ్యింది, సెక్షన్‌కి నంబరు మారింది గానీ మా కుర్రాళ్ళ పేర్లు మాత్రం రిజిస్టర్‌లోంచి కదల్లేదు. అందులో ఒకడికి ఇప్పుడు ఉద్యోగం వచ్చింది, పోలీస్ వెరిఫికేషన్ దగ్గర ఆగింది. వాడి పేరు రాయను, వాడికి అప్పుడు పంతొమ్మిదేళ్ళు.

కథ సూరత్‌లో మొదలయింది. మా గంజాం జిల్లాకి సూరత్ ఎంత దగ్గరో మీకు నేను చెప్పక్కర్లేదు, అక్కడ పవర్‌లూమ్‌ల మీద మనోళ్ళు లక్షల్లో ఉన్నారు, ఒడియావాళ్ళతో పాటు మా తెలుగువాళ్ళూ. మార్చి 24 రాత్రి 8 గంటలకి ప్రధానిగారు టీవీలో చెప్పారు, 12 గంటలకి దేశానికి తాళం పడింది. నాలుగు గంటలు. ఆ తర్వాత వారానికి అనుకుంటా ఈ కుర్రోడు ఫోన్ చేసి ఒక మాట అన్నాడు, అది నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "అన్నా, మా రూమ్‌లో ఇరవై నాలుగు మందిమి, రోజూ పన్నెండు మంది డ్యూటీకి వెళ్తే పన్నెండు మంది పడుకునేవాళ్ళం, ఇప్పుడు డ్యూటీ లేదు కదా, అందరం ఒకేసారి పడుకోవాలి, చోటు లేక వంతులేసుకుని కూర్చుంటున్నాం" అని. అప్పటిదాకా నాకు తట్టలేదండీ. ఇంట్లో ఉండండి అన్న మాటే ఆ గదిలో గుంపుని రెండింతలు చేసింది. ఏప్రిల్ 10 రాత్రి సూరత్‌లో మనోళ్ళు రోడ్డు మీదకొచ్చారని, బళ్ళు తగలబెట్టారని టీవీలో చూసి అందరూ తిట్టారు, బుద్ధుందా కరోనా టైమ్‌లో గుంపేంటి అని, నేనూ తిట్టాను, తగలబెట్టడం తప్పే ఇప్పటికీ తప్పే అంటాను, కానీ ఆ గుంపు ఆ రాత్రి పుట్టింది కాదు కదా. గదుల్లో ఉన్న గుంపే, రోడ్డు మీదకొస్తే మనకి కనబడింది, అంతే.

తర్వాత రైళ్ళు పడ్డాయి. మొట్టమొదటి శ్రామిక్ రైలు ఎక్కణ్ణుంచి కదిలిందో గుర్తుందా? హైదరాబాద్ లింగంపల్లి నుంచి జార్ఖండ్ హటియాకి, మే 1న, 1200 మందితో. దానికి సరిగ్గా రెండు రోజుల ముందు, ఏప్రిల్ 29న, సంగారెడ్డి కందిలో ఐఐటీ బిల్డింగ్ పనిచేసే కూలీలు జీతాలివ్వండి, ఇంటికి పంపండి అని తిరగబడ్డారు, రాళ్ళు పడ్డాయి, పోలీసులకి దెబ్బలు తగిలాయి. రాయి విసిరినోడిని నేను వెనకేసుకు రాను. కానీ నెల రోజులు హెల్ప్‌లైన్‌లకి ఫోన్లు కొట్టినా కదలని రైలు రెండు రోజుల్లో ఎలా కదిలిందా అని అర్జీలు రాసుకునేవాడిగా నాకు అనుమానం రాదా అండీ, నా వృత్తికే అవమానం కదా అది.

సరే మనోళ్ళు కూడా మేలో వచ్చారు. రావడానికి కూడా ఒక కోర్టు అడ్డం, ఇంకో కోర్టు సాయం. నెగెటివ్ రిపోర్టు ఉంటేనే రానివ్వండి అని మే 7న ఒడిశా హైకోర్టు చెప్పింది, మర్నాడు సుప్రీంకోర్టు దానిమీద స్టే ఇచ్చింది. వచ్చినోళ్ళని ఊరి బయట ఒక స్కూల్లో పెట్టారు. ఏ ఊరో ఏ స్కూలో చెప్పను, ఆ హెడ్‌మాస్టారు మంచాయన, పాపం ఆయన చేతిలో ఏమీ లేదు. నలభై ఆరు మంది. రెండు మరుగుదొడ్లు, ఒకదానికి తలుపు లేదు, తువ్వాలు కట్టుకున్నారు అడ్డంగా. మూడో రోజుకి బోరు ఎత్తేసింది. అన్నం మధ్యాహ్నం మూడింటికి వచ్చేది. నేను గేటు బయట నిలబడి వాళ్ళు అరిచి చెప్తుంటే రాసుకుని అర్జీ తయారుచేసి ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాను, ఒకటి కాదు మూడు, మూడు రోజులు మూడు ఆఫీసులకి. మూడోదానికి బ్లూ టిక్ పడింది, చదివారన్నమాట, సంతోషించాం.

నాలుగో రోజు పొద్దున్న తొమ్మిదింటికి వాళ్ళు గేటు తీసుకుని రోడ్డు మీదకొచ్చి కూర్చున్నారు. ఎలా కూర్చున్నారో చెప్తాను వినండి, ఎందుకంటే నేను యాభై అడుగుల దూరంలో బండి మీద ఉన్నాను, ఫోన్‌లో వీడియో కూడా ఉంది. ఆ స్కూలు ఎదురింటివాళ్ళు తెలుగువాళ్ళే, ఆ ఇంటి ముసలమ్మ ఏమీ మాట్లాడకుండా ముగ్గు డబ్బా తెచ్చి గోడ మీద పెట్టి లోపలికి పోయి తలుపేసుకుంది. ఈ కుర్రోడే ఆ పిండి తీసుకుని రేషన్ షాపు ముందు గీస్తారు చూడండి అలా రోడ్డు మీద సున్నాలు గీశాడు, రెండేసి బారల దూరం, వంగి వంగి నలభై ఆరు సున్నాలు. పిండి చాలక చివరి ఏడెనిమిది మంది చెప్పులు పెట్టుకుని వాటి పక్కన కూర్చున్నారు. మొహాలకి తువ్వాళ్ళు. నినాదాల్లేవు, ముందు ఒక ఖాళీ స్టీల్ బకెట్ పెట్టారు, అంతే వాళ్ళ ప్లకార్డు. గంటన్నర కూర్చున్నారు. పోలీసులొచ్చారు, లాఠీ ఎత్తారు గానీ కొట్టలేదు, అది కూడా చెప్పాలి, ఆ ఎస్ఐ మంచిగానే మాట్లాడాడు. మళ్ళీ లోపలికెళ్ళిపోయారు. సాయంత్రం నాలుగున్నరకి నీళ్ళ ట్యాంకర్ వచ్చింది.

వారానికి కేసు కాగితం వచ్చింది. అందులో "దూరం పాటించకుండా గుమిగూడి" అని రాసుంది. సున్నాల సంగతి ఎవరూ రాయలేదు.

ఇక్కడ నన్ను ఒకటి ఒప్పుకోనివ్వండి, లేకపోతే ఈ లేఖ మీకు ఏకపక్షంగా ఉంటుంది. క్వారంటైన్‌లో ఉన్నోడు గేటు దాటడం అంటే మామూలు లాక్‌డౌన్‌లో టీకి బయటికొచ్చినట్టు కాదు. ఆ ఊరి ఆడవాళ్ళు దుమ్మెత్తి పోశారు, మా పిల్లల గతేంటి అన్నారు, అందులో న్యాయం ఉంది. తర్వాతి వారం ఆ నలభై ఆరు మందిలో ఒకడికి పాజిటివ్ వచ్చింది. రోడ్డు మీద అంటుకుందా, ఒకే కుళాయి ఒకే దొడ్డి దగ్గర అంటుకుందా, రైల్లో వచ్చిందా, ఎవడికి తెలుసు. నేనైతే ఆ కుళాయే అంటాను, గాలాడే రోడ్డు మీద రెండు బారల దూరంలో ముసుగేసుకుని కూర్చోవడం కన్నా తలుపులేని దొడ్డి ముందు క్యూ కట్టడమే ఎక్కువ ప్రమాదం కాదా. అయినా ఎదుటోడి భయాన్ని నేను కొట్టిపారెయ్యను. ఆ ఏడాది జులై ఆగస్టుల్లో మా జిల్లా ఎలా అల్లాడిందో రాష్ట్రం అంతా చూసింది. మా మేనమామ ఆగస్టులోనే పోయాడు. దింపుడు కళ్ళం కూడా లేదు, ప్లాస్టిక్ సంచీలో చుట్టి తీసుకెళ్ళిపోయారు, మా అత్తకి చివరి చూపు వీడియో కాల్‌లో. కాబట్టి గుంపంటే ఏటో నాకు చెప్పొద్దు, నాకు తెలుసు.

తెలిసే అంటున్నా, గుంపులన్నీ ఒకటి కాదు. దీని అర్థం మంచి గుంపుకి వైరస్ రాదని కాదు సుమా. 2020 మే నెలాఖర్లో అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్‌ని పోలీసు మెడ మీద మోకాలు పెట్టి చంపితే ఊరూరా జనం రోడ్డెక్కారు, అక్కడి డాక్టర్లూ ఆరోగ్యశాఖ మనుషులూ వెయ్యి మందికి పైగా ఆ నిరసనలు సబబే అని సంతకాలు పెట్టారు, అంతకుముందు లాక్‌డౌన్ ఎత్తెయ్యమని వచ్చిన గుంపులు మాత్రం తప్పన్నారు. ఆ నిరసన న్యాయమైందే, కానీ డాక్టర్లు అలా విడదీసి మాట్లాడ్డం నాకైతే నచ్చలేదు, వైరస్ ఎవడి జెండా ఏ రంగో చూసి అంటుకోదు కదా. చూడాల్సింది వేరే. వాడికి ఇంకో తలుపు ఉందా లేదా, వాడు ఎదురుచూడగలడా లేదా, తన ప్రమాదంతో పాటు పక్కోడి ప్రమాదం తగ్గించడానికి ఏమైనా చేశాడా లేదా. ఈ మూడూ చూడండి చాలు.

మే 7న విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్‌లో గ్యాస్ లీకై పన్నెండు మంది పోయారు. మా బరంపురంలో సగం ఇళ్ళకి విశాఖలో చుట్టాలున్నారు, ఆ పొద్దున్న ఫోన్లు కలవక మేం పడ్డ ఆదుర్దా దేవుడికెరుక. మే 9న ఆర్ఆర్ వెంకటాపురం జనం శవాలు తెచ్చి ఫ్యాక్టరీ గేటు ముందు పెట్టి కూర్చున్నారు. అదీ లాక్‌డౌనే. ఆరడుగుల దూరం పాటించండమ్మా అని ఆ తల్లులకి మీరు చెప్పగలరా? నేను చెప్పలేను. వాళ్ళు ఇంకో నెల ఆగి శవాలు తేలేరు కదా.

అదే 2021 ఏప్రిల్ చూడండి. మా బుఢీ ఠాకురాణి జాతర రెండేళ్ళకోసారి వస్తుంది, దాన్నే ఆపుకుని కూర్చున్నాం మేం, అమ్మవారిని ఏడిపించి. పక్కన బెంగాల్‌లో ఎనిమిది విడతల ఎన్నికలు, మైదానాల్లో ఇసకేస్తే రాలనంత జనం, హరిద్వార్‌లో కుంభమేళా. మద్రాస్ హైకోర్టు ఏప్రిల్ 26న ఎన్నికల సంఘం మీద ఎంత కటువుగా మాట్లాడిందో పేపర్లో చదివాం. ఆ సభలకి మూడు తలుపులూ తెరిచే ఉన్నాయి, టీవీ ఉంది, ఫోన్ ఉంది, వాయిదా వేసే వీలుంది. ఆ మైదానాల్లో కూర్చున్న ఏ ఒక్కడికైనా ఇవాళ పోలీస్ వెరిఫికేషన్ ఆగిందా అని అడిగితే నన్ను రాజకీయాలు మాట్లాడుతున్నావంటారు, సరే వదిలేస్తా.

కానీ ఒకటి వదలను, అది మన రాష్ట్రం చేసిన మంచి పని కాబట్టి. 2020 రథయాత్ర. జూన్ 18న సుప్రీంకోర్టు ఆపేసింది, యాత్రకి అనుమతిస్తే జగన్నాథుడు మమ్మల్ని క్షమించడు అని చీఫ్ జస్టిస్ అన్నారు. నాలుగు రోజులకి అదే కోర్టు జూన్ 22న ఒప్పుకుంది, ఎలా, ఒక్కో రథానికి 500 మందికి మించకుండా, అందరికీ టెస్టు చేసి, రథానికీ రథానికీ గంట ఎడంతో, పూరీ ఊరంతా కర్ఫ్యూ పెట్టి. 23న రథాలు కదిలాయి. మా అమ్మ టీవీ ముందు కూర్చుని కొబ్బరికాయ కొట్టి ఏడ్చింది. మరి నాలుగు రోజుల్లో స్వామికి ఒక దారి దొరికింది కదా, నలభై ఆరు మంది గోడుకి దొరకదా? యాభై మంది, మైదానంలో, మాస్కుతో, గంటసేపు, ముందు రోజు చెప్పి కూర్చోండి అని ఒక్క కాగితం రాసుంటే మా కుర్రోడికి ముగ్గుపిండి అవసరం అయ్యేది కాదు. ఢిల్లీ షాహీన్‌బాగ్‌లో పౌరసత్వ చట్టం వద్దని రోడ్డు మీద కూర్చున్న ధర్నా మీద 2020 అక్టోబర్ 7న తీర్పిచ్చినప్పుడు నిరసనలు చెప్పిన చోట చేసుకోవాలి అంది సుప్రీంకోర్టు. మంచిదే, ఆ చెప్పిన చోటు లాక్‌డౌన్‌లో ఎక్కడుందో ఎవరూ మాకు చెప్పలేదు.

కాబట్టి నేనడిగేది ఏటంటే, ఇంకో రోగం వస్తే, రాకూడదనే కోరుకుంటున్నా, లాక్‌డౌన్ ఆర్డర్ రాసే రోజునే అందులో రెండు లైన్లు కలపండి. క్వారంటైన్ సెంటర్ నుంచి, రేషన్ గురించి, మందుల గురించి వచ్చిన అర్జీకి ఒక రోజులో జవాబివ్వాలి అని ఒకటి. ఇవ్వకపోతే ఇంతమంది ఫలానా చోట ఇంతసేపు కూర్చోవచ్చు అని రెండోది. మొదటి లైను సరిగ్గా నడిస్తే రెండో లైను ఎవడూ వాడడు, మా కుర్రాళ్ళకేమైనా ఎండలో తారు రోడ్డు మీద కూర్చోవడం సరదానా.

ఇక పాత కేసులు. తమిళనాడు 2021 ఫిబ్రవరిలోనే లాక్‌డౌన్ కేసులు పది లక్షల దాకా ఎత్తేస్తున్నామంది, పోలీసుల మీద తిరగబడ్డవీ దొంగ ఈ-పాస్‌లవీ మాత్రం ఉంచి. మహారాష్ట్ర 2022లో 188 కేసులు వెనక్కి తీసుకుంటామని చెప్పింది. అదే పద్ధతిలో చెయ్యండి, రాళ్ళేసినోళ్ళవి ఉంచుకోండి, నేనేమీ అనను. మా పదకొండు మంది రాయి ముట్టలేదు, ముగ్గుపిండి ముట్టారు.

కేసు కాగితం జెరాక్స్, మూడు అర్జీల కాపీలు, ఆ బ్లూ టిక్ స్క్రీన్‌షాట్, గంటన్నర వీడియో ఉన్న పెన్‌డ్రైవ్, అన్నీ కవర్లో పెట్టి స్పీడ్ పోస్టులో వేరేగా పంపుతున్నాను. వెరిఫికేషన్‌కి కంపెనీవాళ్ళు ఈ నెలాఖరు దాకా టైమిచ్చారు. వీడియోలో మొదటి రెండు నిమిషాలు బండి చప్పుడు తప్ప ఏమీ ఉండదు, ఓపిక పట్టండి, మూడో నిమిషంలో వాడు వంగి సున్నాలు గీస్తూ కనిపిస్తాడు, నీలం చొక్కా.

ఇట్లు,
అర్జీలు రాసుకునే జెరాక్స్ షాపువాడు,
బరంపురం, గంజాం జిల్లా